గొంతు నిలబడే చోటు

మా ఆయన ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దాటగానే చప్పట్లు కొడతారు. ఒక్కసారే, గట్టిగా. తర్వాత తల కొంచెం పక్కకి వంచి, ఆ చప్పుడు గోడలకు తగిలి ఎలా అణిగిపోతుందో వింటారు. ఆయన వృత్తి అది. పాటలు శ్రద్ధగా వినేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్పీకర్లు ఎక్కడ పెట్టాలో, గోడకు ఎంత ఎడంగా ఉంచాలో, ఏ కిటికీకి తెర కట్టాలో చూసి అమర్చి వస్తారు. పెళ్ళయిన కొత్తలో మా పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడూ అలాగే కొట్టారు. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "అల్లుడుగారు ఎవర్ని పిలుస్తున్నారే? మంచినీళ్ళు కావాలేమో అడుగు," అంది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మకు ఒంట్లో బాగుండక తమ్ముళ్ళను చూసుకోవాల్సి వచ్చింది. సైన్సు పుస్తకంలో ధ్వని పాఠం చివర్లో ఉండేది. అక్కడిదాకా నేను వెళ్ళనేలేదు. ఆ పాఠం నాకు పెళ్ళయ్యాక ఈయన చెప్పారు, పుస్తకం లేకుండా, కుర్చీలో కూర్చోబెట్టి. ఎదురుగా రెండు స్పీకర్లు, వాటి నడుమ ఖాళీ. ఆ రెండింటి మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి నా కుర్చీకి అంతే దూరం. పాట పెట్టి, "కళ్ళు మూసుకో. పాడే ఆవిడ ఎక్కడుందో చెప్పు," అన్నారు. ఈ పెట్టెలోంచి కొంత, ఆ పెట్టెలోంచి కొంత వస్తుందనుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ మనిషి రెండింటి నడుమ, ఏమీ లేనిచోట, నా ఎదురుగా నిలబడి పాడుతోంది. ఒళ్ళు జలదరించింది. కళ్ళు తెరిచి చూస్తే అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"రెండు చెవులకీ ఒక్కసారే, ఒక్కలాగే అందితే మనసు ఆ గొంతుని నడుమ నిలబెడుతుంది," అన్నారు. "గది బాగోకపోతే గొంతు పక్కకి జరిగిపోతుంది. నా పనల్లా ఆవిణ్ణి నడుమ నిలబెట్టడమే."

అప్పటినుంచి సెలవురోజు పనులకు నన్నూ తీసుకెళ్ళేవారు. నేను కుర్చీలో కూర్చుని "కొంచెం ఎడమకి జరిగింది", "ఇప్పుడు మరీ దగ్గరకొచ్చి మీద పడుతోంది" అని చెప్పేదాన్ని. ఆయన స్పీకర్లను బెత్తెడు అటు, బెత్తెడు ఇటు జరిపేవారు. "నీ చెవులు బంగారం," అనేవారు. నన్ను అంతకుముందు ఎవరూ దేనికీ బంగారం అనలేదు.

పాప పుట్టాక నేను వెళ్ళడం మానేశాను. దాన్ని మేం బుడంకాయ అంటాం. పుట్టినప్పుడు గుండ్రంగా, పచ్చగా, చారలచారల గౌనులో ఉంటే ఈయన పెట్టిన పేరు. ఇప్పుడు మూడేళ్ళు నిండాయి. సన్నబడింది కానీ పేరు మాత్రం పోలేదు. గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంది.

దాని విషయంలో నాకు భయం ఎక్కువ. ఎక్కిళ్ళు ఆగకపోతే ఆస్పత్రికి ఎత్తుకెళ్ళాను. వీపు మీద మచ్చ చూసి ఎత్తుకెళ్ళాను, కడిగితే అది సిరా. నిద్రలో నవ్వుతోందని కూడా ఒకసారి వెళ్ళాను. పిల్లల డాక్టరు మంచివాడే కానీ, నన్ను గుమ్మంలో చూడగానే ఆయన కళ్ళద్దాల వెనక నవ్వు మొదలవుతుంది. "ఈసారి ఏం పట్టుకొచ్చావమ్మా?" అంటాడు. అక్కడున్న నర్సులు కూడా నవ్వుతారు. తప్పేమీ లేదు, నేనయినా నవ్వేదాన్నేమో. కానీ అలా నవ్వులపాలై నవ్వులపాలై, నా భయం మీద నాకే నమ్మకం పోయింది. ఏదైనా అనుమానం రాగానే ముందు నన్ను నేనే ఎగతాళి చేసుకుని నోరు మూసుకోవడం అలవాటయింది.

ఈ ఏడాది ఇల్లు మారాం. కొత్త ఇంట్లో ముందుగది పెద్దది. ఈయన పనిచేసిన ఒక ఇంటివాళ్ళు, చిన్న ఇంటికి మారుతూ, నా నడుమెత్తు ఉండే స్పీకర్ల జత ఒకటి ఈయనకు ఇచ్చేశారు. వాటిని తెచ్చిన రోజు ఈయన మొహం చూడాలి. మాతోనే ఉండే మా అత్తయ్య, "నీకు ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టినట్టుందిరా. వీటికీ స్నానాలు చేయించాలా?" అంది.

గది మాత్రం మొండిది. కుడివైపు గోడంతా అద్దాల కిటికీ. ఎడమవైపు గోడే లేదు, వంటింట్లోకి తెరిచి ఉంటుంది. కుడివైపు అద్దానికి శబ్దం ఠంగుమని కొట్టుకుని వెనక్కి వస్తుంది, ఎడమవైపు వంటింట్లోకి పోయి తిరిగి రాదు. అందుకని పాడే మనిషి నడుమ నిలబడకుండా కుడికి జరిగిపోయేది. అది నాకూ తెలిసింది.

ఆ రోజుల్లోనే ఈయన బుడంకాయతో ఒక ఆట మొదలుపెట్టారు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టి, "పాడే అక్క ఎక్కడ దాక్కుంది?" అనేవారు. అది దిగి పరుగెత్తుకెళ్ళి కుడివైపు స్పీకరును కావలించుకునేది. "ఇక్కడే! దొరికిపోయింది!"

"చూశావా, నా కూతురికి కూడా తెలిసిపోయింది గది సరిగా లేదని," అని మురిసిపోయారు ఈయన. "వృత్తిలోకి వచ్చేసింది."

స్పీకర్లు రెంటినీ వెనక గోడ నుంచి బారెడు ముందుకు జరిపారు. మూల దగ్గర ఉంటే మద్దెల మోత గదంతా దబదబలాడుతుందని. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాల కిటికీ పొడుగునా ఒక చేతి అద్దాన్ని ఆనించి మెల్లగా జరుపుతూ పోయారు. "ఎక్కడ నీకు ఇందులో స్పీకరు కనిపిస్తుందో చెప్పు. అక్కడ పడ్డ శబ్దమే తిన్నగా నీ చెవిలోకి వస్తోంది." కనిపించినచోట మందపాటి దుప్పటి వేలాడదీశారు. ఎడమవైపు వంటింటి దారిలో సగం వరకు పుస్తకాల అలమర అడ్డం పెట్టారు. నేల మీద కార్పెట్ వేశారు. అత్తయ్య వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలంటే ఒళ్ళు పక్కకి తిప్పుకుని రావాల్సి వచ్చేది. "ఇంకొంచెం లావయితే నన్ను వంటింట్లోనే పెట్టి గోడ కట్టేస్తావేమిట్రా," అనేది.

ఇదంతా అయ్యాక గొంతు నడుమకి వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని విన్నాను. గోరంత కూడా పక్కకి లేదు. ఈయన నన్ను లేపి తను కూర్చుని విని, కళ్ళు తెరవకుండానే చేత్తో నడుమ గాల్లో ఒక గీత గీశారు, అక్కడ ఆవిడ నిలబడి ఉన్నట్టు.

తర్వాత బుడంకాయను కూర్చోబెట్టారు. "అక్క ఎక్కడుంది?"

అది పరుగెత్తుకెళ్ళి కుడి స్పీకరును కావలించుకుంది.

"కాదే, సరిగ్గా విను."

"ఇక్కడే నాన్నా. ఇదిగో, పాడుతోంది కదా!"

ఈయన వైర్లు మార్చి చూశారు. కుడి స్పీకరు వైరు ఎడమదానికి, ఎడమది కుడిదానికి. అది ఆయన పద్ధతి. వైర్లు మార్చినప్పుడు తప్పు కూడా అటు మారితే లోపం పాటలోనో యాంప్లిఫయరులోనో ఉన్నట్టు. ఉన్నచోటే ఉంటే లోపం స్పీకరుదో గదిదో. తర్వాత స్పీకర్లను కూడా ఒకదాని చోట ఇంకోటి పెట్టారు. బుడంకాయ మళ్ళీ కుడివైపే పరుగెత్తింది.

"గదే. అనుమానం లేదు. మన ఎత్తులో సరిపోయింది, దాని ఎత్తులో సరిపోలేదు. ఆ కిందన అద్దం ఇంకా కొడుతోంది," అని మోకాళ్ళ మీద కూర్చుని, తల బుడంకాయ తల ఎత్తుకు దించి విన్నారు. అత్తయ్యను కూడా కింద కూర్చోబెట్టారు. అత్తయ్య విని, "నాకు నడుమే వినిపిస్తోంది. కానీ నన్ను పైకి లేపేవాళ్ళు కావాలి," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఎక్కడో ఒక చోట చిన్న ముల్లు గుచ్చుకుంది. మేం ముగ్గురం నడుమ వింటున్నాం. అదొక్కతే కుడివైపు వింటోంది.

ఆ ముల్లును నేను లోపలే ఉంచుకున్నాను. కానీ ఒకసారి గుచ్చుకున్నాక రోజూ ఏదో ఒకటి తగులుతూనే ఉంది. పడకగదిలోంచి పిలిస్తే అది గది నడుమ నిలబడి చుట్టూ చూసేది, గొడుగు తిప్పినట్టు తనను తాను ఒక చుట్టు తిప్పుకుని. మేం దాన్ని పరధ్యానం అనుకునేవాళ్ళం. "ఎక్కడో లోకంలో ఉంటుంది తండ్రిలాగా," అనేది అత్తయ్య. నేను పక్కన పడుకుని కథ చెబుతుంటే కొన్నిసార్లు అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పేది, కొన్నిసార్లు పైకప్పు చూస్తూ ఉండిపోయేది. ఏ పక్క పడుకున్నప్పుడు ఏం జరిగిందో గమనించాలని నాకు తోచలేదు. ఎలా తోస్తుంది, అంత చక్కగా మాట్లాడే పిల్ల!

ఒకరోజు సందు చివర కొట్లో సబ్బు కొనడానికి వెళ్ళాం. చిల్లర తీయడానికి దాని చెయ్యి వదిలాను. ఎడమవైపు నుంచి ఒక స్కూటరు వస్తూ హారన్ కొట్టింది. బుడంకాయ విన్నది. వినలేదని కాదు, ఉలిక్కిపడింది కూడా. కుడివైపు చూసి, భయపడి, దూరంగా జరగాలని సరిగ్గా స్కూటరు వస్తున్న వైపుకే అడుగులు వేసింది. నేను జబ్బ పట్టి లాగాను. స్కూటరతను కాలు కింద పెట్టి ఆగి, "పిల్లని చూసుకోవాలమ్మా!" అని అరిచాడు. సబ్బు కింద పడింది.

"బండి వస్తుంటే అటు ఎందుకు వెళ్ళావే?" అని అరిచాను.

అది ఏడుస్తూ, ఎవరూ లేని కుడివైపుకు వేలు చూపించింది. "బండి అటు కదమ్మా ఉంది."

ఇంటికొచ్చి ఈయనకు చెప్పాను. ఈయన కూడా భయపడ్డారు, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత అన్నారు, "ఆ సందులో రెండు వైపులా ఎత్తు గోడలు. హారన్ ఎదుటి గోడకు కొట్టుకుని అటునుంచి వినిపించి ఉంటుంది. పెద్దవాళ్ళమే పొరబడతాం అలాంటి చోట."

"చెవులు ఒకసారి చూపిద్దామండీ."

"గుసగుసగా అన్నది కూడా వింటుంది. మొన్న నేను వంటింట్లో బిస్కెట్టు పొట్లం విప్పితే పడకగదిలోంచి వచ్చేసింది. అలాంటి పిల్లకి చెవుల పరీక్షా?"

"అమ్మాయ్," అంది అత్తయ్య, "పాపం ఆ డాక్టరుకి ఈ నెలలో కాస్త విశ్రాంతి ఇవ్వు."

ఈయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనిపించలేదు. గోడ నిజమే, బిస్కెట్టు నిజమే. తప్పు గదిదయితే ఎంత బాగుండునో! గదికి దుప్పట్లు కట్టొచ్చు.

మర్నాడు ఈయన పనికి వెళ్ళాక ముందుగది ఊడుస్తున్నాను. ఈయన కొత్తగా కట్టిన దుప్పట్లు చూస్తూ ఆలోచనలో పడ్డాను. వైర్లు మార్చారు, లోపం అక్కడే ఉంది. స్పీకర్లు మార్చారు, అక్కడే ఉంది. గదిని మార్చలేం, తిప్పలేం. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గదిని తిప్పలేం కానీ, పిల్లని తిప్పొచ్చు.

అత్తయ్య అప్పుడే బఠాణీలు ఒలుస్తూ అక్కడ కూర్చుంది. నేను పాట పెట్టాను. ముందు నేను కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుని విన్నాను. గొంతు నా వెనక, నడుమనే నిలబడింది. ఎటూ జరగలేదు. లేచి, బుడంకాయను అలాగే వీపు పెట్టి కూర్చోబెట్టాను.

"అక్క ఎక్కడుందో చూడవే."

కుర్చీ దిగి, గిర్రున తిరిగి, పరుగెత్తింది. ఈసారి ఎడమ స్పీకరు దగ్గరకు, వీపు పెట్టినప్పుడు తన కుడివైపున ఉన్నదాని దగ్గరకు. రెండు చేతులతో కావలించుకుంది. "ఇక్కడికొచ్చేసింది!"

మళ్ళీ స్పీకర్లవైపు మొహం పెట్టి కూర్చోబెట్టాను. మామూలు కుడి స్పీకరు. మళ్ళీ వీపు. మళ్ళీ ఎడమది. అద్దాల కిటికీ కదల్లేదు, వంటింటి దారి కదల్లేదు, దుప్పటి కదల్లేదు. కదిలింది పిల్ల ఒక్కతే. లోపం దానితోపాటే తిరిగింది.

నేను కింద కూర్చుండిపోయాను.

అత్తయ్య ఒలవడం ఆపింది. "ఏమిటే ఆ ఆట? మళ్ళీ ఒకసారి ఆడించు," అంది. మళ్ళీ చేశాను. అత్తయ్య పళ్ళెం పక్కన పెట్టి, లేచి, బుడంకాయను దగ్గరకు తీసుకుంది. దాని కుడి చెవి తన కడుపుకేసి అదుముకుని, పైన అరచేయి వేసి, ఎడమ చెవి దగ్గర మెల్లగా, "బఠాణీ గింజ కావాలామ్మా నీకు?" అంది. ఆ మాట ఎప్పుడు విన్నా ఎగిరి గంతేసే పిల్ల. ఏమీ పట్టనట్టు అత్తయ్య చీర అంచుతో ఆడుకుంటోంది. అత్తయ్య చెయ్యి తీసి అదే మాట అంది. "కావాలి కావాలి!" అంటూ నోరు తెరిచింది.

అత్తయ్య దాని నోట్లో గింజ వేసింది. ఇంకోటి వేసింది. ఇంకోటి. నావైపు చూడలేదు.

"వాడు ఒప్పుకోడు," అంది చివరికి. "నేను కన్నవాడు కదా, నాకు తెలుసు. గోడమీద తోసేస్తాడు."

సాయంత్రం ఈయన చంకలో ఒక మందపాటి తెర గుడ్డ చుట్టతో, నవ్వుకుంటూ వచ్చారు. "ఇదిగో, దొరికింది. దీన్ని కిందదాకా వేలాడదీస్తే బుడంకాయ ఎత్తులో కూడా అద్దం నోరు మూసుకుంటుంది."

"గదిది కాదండీ," అన్నాను.

"ఏది?"

"లోపం. గదిది కాదు." పిల్లని దగ్గరకు తీసుకున్నాను. "మీరే చెప్పారుగా, ఒకటి తిప్పి చూడాలి, లోపం దానితో తిరిగిందా లేదా అని. పిల్లని తిప్పి చూశాను."

ఆయన మొహంలో నవ్వు ఇంకా ఉంది, కానీ లోపల మనిషి అక్కడ లేరు. "మళ్ళీ మొదలుపెట్టావా? మచ్చ, ఎక్కిళ్ళు, ఇప్పుడు చెవి."

"అవన్నీ తప్పే. ఒప్పుకుంటాను. మీరు ఇప్పుడు పిల్లని తిప్పి చూడండి, ఇది కూడా తప్పయితే జన్మలో ఆస్పత్రి మాట ఎత్తను."

"చూడరా," అంది అత్తయ్య. "నీ పెళ్ళాం మాట కాదు. నా మాట."

తెర గుడ్డ చుట్టను కింద పెట్టి ఆయన పాట పెట్టారు. బుడంకాయ ఉత్సాహంగా కుర్చీ ఎక్కింది, ఈ రోజు అందరూ తనతో ఆడుతున్నారని. మొహం పెట్టి కూర్చుంటే కుడిది. వీపు పెట్టి కూర్చుంటే ఎడమది.

"వెనక్కి తిరిగితే ఆ అలమర..." అని మొదలుపెట్టారు ఆయన. పుస్తకాల అలమరవైపు చూశారు. మాట పూర్తి చేయలేదు. కుర్చీని తీసుకెళ్ళి గది ఇంకో మూలన వేసి, బుడంకాయను పక్కకు తిప్పి కూర్చోబెట్టారు. తర్వాత పడకగదిలోకి తీసుకెళ్ళి, దాని కళ్ళు మూయించి, మంచం అటు నిలబడి ఒకసారి, ఇటు నిలబడి ఒకసారి పేరు పెట్టి పిలిచారు. ఏ పక్కనుంచి పిలిచినా అది తన కుడిచేతి వైపుకే తిరిగింది. పిలిచి పిలిచి ఆయన గొంతు బొంగురుపోయింది.

"నాన్నా, నువ్వెప్పుడూ ఒకే చోట దాక్కుంటావేం?" అంది అది.

ఆయన తిరిగొచ్చి ముందుగదిలో, వినే కుర్చీలో కాదు, నేల మీద కూర్చున్నారు. పాట ఇంకా నడుస్తోంది. అత్తయ్య దాన్ని ఆపబోతే వద్దని చెయ్యి ఊపారు.

"దీనికి నడుమ అనేది లేదు," అన్నారు. "ఎప్పుడూ లేదు. నేను దాన్ని కూర్చోబెట్టి, లేనిది వెతకమంటున్నాను."

నాకు నడుమ సంగతి పట్టలేదు. నా కళ్ళ ముందు స్కూటరు ఉంది. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని చెరొకదానికి ఏడుస్తున్నామని అర్థమయింది. ఆయన దుఃఖం నాకు చిన్నదిగా కనిపించాలి నిజానికి. కనిపించలేదు. ఏమీ లేనిచోట ఒక మనిషిని నిలబెట్టి నాకు చూపించిన మనిషి ఆయన. నాకు చూపించింది తన కూతురికి చూపించలేరు.

"రేపు వెళ్దాం," అన్నారు.

"నేనూ వస్తాను," అంది అత్తయ్య. "ఆ డాక్టరు ఈసారి నవ్వితే నేను మాట్లాడతా."

డాక్టరు నవ్వలేదు. నేను చీటీ తీసుకోవడానికి కూడా తడబడుతుంటే, అత్తయ్య ముందుకొచ్చి బఠాణీ సంగతి, ఈయన వెనకనుంచి కుర్చీ సంగతి చెప్పారు. డాక్టరు కళ్ళద్దాలు తీసి మావైపు చూసి, "తిప్పి చూడాలని ఎవరికి తోచింది?" అని అడిగాడు. ఇద్దరూ నావైపు చూపించారు. ఆయన వెంటనే చెవి పరీక్షలు చేసే చోటికి చీటీ రాశాడు.

అక్కడ పరీక్షలు చేసే ఆవిడ మమ్మల్ని ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. గోడలన్నీ మెత్తటి దిండ్లలా ఉన్నాయి. తలుపు వెయ్యగానే బయటి లోకాన్ని ఎవరో కత్తిరించేసినట్టయింది. ఈయన చెయ్యి దానంతటదే లేచింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు చేతుల్లోనే చచ్చిపోయింది.

"అందరు నాన్నలూ ఇక్కడ కాళ్ళు ఊపుతూ కూర్చుంటారు. చప్పట్లు కొట్టినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా," అంది ఆవిడ.

"అలవాటండీ," అన్నారు ఈయన సిగ్గుపడి.

ఆవిడ బుడంకాయ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, ముందర రంగు చెక్కముక్కలు పోసి, "పిట్ట కూసినప్పుడల్లా ఒకటి డబ్బాలో వెయ్యాలి, సరేనా?" అంది. కుడి చెవిలో పిట్ట కూసినంతసేపూ చెక్కముక్కలు టకటకా డబ్బాలో పడ్డాయి. మాకెవరికీ వినపడనంత చిన్న కూతకు కూడా పడ్డాయట. తర్వాత ఆవిడ ఇంకో మీట తిప్పింది. బుడంకాయ చెక్కముక్క చేత్తో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుచూస్తూ కూర్చుంది. ఆవిడ మీట తిప్పుతూ పోయింది. నేను ఆ చెక్కముక్కనే చూస్తున్నాను. అది ఎర్రది. పడు, పడు అనుకున్నాను. దాని చెయ్యి అలాగే గాల్లో ఉంది, పిట్ట ఎప్పుడు కూస్తుందా అని.

ఎడమ చెవి దాదాపు వినదని ఆవిడ చెప్పింది. పుట్టుకతోనే అయి ఉండొచ్చు, పసితనంలో వచ్చిన ఏ జ్వరంతోనో పోయి ఉండొచ్చు. ఇంకొన్ని పరీక్షలు చేయాలి, పెద్దయ్యాక పెట్టుకోదగ్గ పరికరాలు ఉన్నాయి, వాటి గురించి డాక్టరు మాట్లాడతారు.

"ఏ జ్వరమండీ?" అన్నాను. ఏ జ్వరం రోజున నేను ఆలస్యం చేశానా అని అప్పటికే లోపల వెతుక్కుంటున్నాను.

"అమ్మా," అంది ఆవిడ, "దీనికి మీరు చేసిందీ లేదు, మానేసిందీ లేదు. చాలామందికి ఇది బళ్ళో వేశాక ఎప్పటికో తెలుస్తుంది. ఒక చెవి అంత బాగా పనిచేస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? పిలవగానే చుట్టూ తిరిగి చూస్తుందా?"

"తిరుగుతుంది. పరధ్యానం అనుకున్నాం."

"పరధ్యానం కాదు. శబ్దం ఎటునుంచి వచ్చిందో దానికి తెలియదు. అందుకని కళ్ళతో వెతుకుతోంది. ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకుంది."

మేం ముగ్గురం బుడంకాయవైపు చూశాం. అది డబ్బాలోంచి చెక్కముక్కలు తీసి నేల మీద వరసగా పేరుస్తోంది.

ఆవిడ చాలా చెప్పింది. కుడివైపు నుంచి మాట్లాడండి. రోడ్డు దాటేముందు చెవిని నమ్మొద్దు, రెండు వైపులా కళ్ళతో చూడాలని ఇప్పటినుంచే నేర్పండి. బళ్ళో కుడిచెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టమనండి. "ఇంకొకటి, మోత మోగే గదుల్లో దీనికి మాటలు అర్థం కావడం కష్టం. రెండు చెవులుంటే మనం మాటని మోతలోంచి ఏరుకుంటాం. ఒక చెవితో ఏరుకోలేరు. ఇంట్లో గది ఎంత మెత్తగా ఉంటే దీనికి అంత హాయి."

ఈయన వంచిన తల ఎత్తారు. "అది నేను చూసుకుంటానండీ," అన్నారు. పరీక్ష అయ్యాక ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

తర్వాత మా ఇల్లు చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. తెచ్చిన తెర గుడ్డ ఆయన కిటికీకి కాకుండా భోజనాల బల్ల వెనక బోడిగోడకు కట్టారు. వంటింటి పైకప్పు దగ్గర అట్టలు బిగించారు. కుర్చీ కాళ్ళన్నిటికీ గుడ్డ తొడుగులు వేశారు. గిన్నెల అలమర తలుపుకు లోపల పాత దుప్పటి ముక్క అంటించారు. "ఇల్లంతా పరుపు చేసేస్తున్నావు. నడిచేవాళ్ళు నడవాలా, పడుకోవాలా?" అని అత్తయ్య అంటూనే తన పాత శాలువా తెచ్చి ఇచ్చింది. పెద్ద స్పీకర్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆయన వాటిని చాలారోజులు ముట్టుకోలేదు. తర్వాత ఒకరోజు మళ్ళీ పాట పెట్టుకున్నారు, కుర్చీలో కాదు, నిలబడి, తలుపు దగ్గరనుంచి. పెట్టుకోవడమే చాలు.

గొడవ వచ్చింది భోజనాల దగ్గర. బుడంకాయకు కుడిపక్కన ఎవరు కూర్చోవాలి?

"దానికి అన్నం తినిపించేది నేను. కుడిపక్క నాది," అంది అత్తయ్య.

"రోజంతా నీతోనే ఉంటుంది కదమ్మా. నేను వచ్చేదే సాయంత్రం. నాకు దొరికేది ఈ ఒక్క పూటే," అన్నారు ఈయన.

"నువ్వు మాట్లాడేదేముంది దాంతో? వైర్లు, బిగింపులు. నేనయితే కథలు చెప్తాను."

"వైర్ల గురించి కూడా కథలున్నాయి."

ఇద్దరూ నిలబడే ఉన్నారు, కూర చల్లారుతోంది. చివరికి అత్తయ్య కుడిపక్కన, ఈయన బల్లకు కుడిచివర, కొంచెం వాలుగా కూర్చున్నారు. ఇద్దరి మాటలూ దాని మంచి చెవిలో పడేలా. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమపక్కన కూర్చున్నాను.

"అదేమిటే, అటు కూర్చున్నావు? నువ్వేం మాట్లాడినా దానికి వినపడదు కదా," అంది అత్తయ్య.

"ఎవరో ఒకరు ఉండాలిగా ఈ పక్క," అన్నాను.

ఇప్పుడు సందులో నడిచినా, బల్ల దగ్గర కూర్చున్నా, నిద్రపోయినా అదే పక్క నాది. అక్కడినుంచి పిలిచినా లాభం లేదు కనుక పిలవను. నేను పిలవడం తగ్గింది, దానితోపాటు ఏదో ఇంకొకటి కూడా తగ్గింది. ఇదివరకు నా భయం నాలుగు దిక్కులా ఉండేది, ఎటు కాపలా కాయాలో తెలిసేది కాదు; ఇప్పుడు ఈ ఒక్క పక్కే. నీళ్ళు కావాలా అని అడగాలంటే భుజం మీద వేలితో తడతాను. అదీ అంతే. నాకేదైనా చెప్పాలనుకుంటే ముందు తన జిగురు చేత్తో నా గడ్డం పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని, నేను చూస్తున్నానని రూఢి చేసుకున్నాక మొదలుపెడుతుంది. నాకు రెండు చెవులూ బాగానే వినపడతాయని దానికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.